తువ్వాల్లో దాచిన రొట్టెలు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రం దాటడం ఉంది, ఎడారి ఉంది, పరాయి భాష ఉంది, ఒక స్త్రీ కన్నీరు ఉంది, ఒక నమ్మకద్రోహం ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

అని మొదలుపెడదామనుకున్నాను. తీరా చూసుకుంటే సముద్రం దాటింది విమానంలో, అదీ నిద్రపోతూ. ఎడారిని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ కారు అద్దంలోంచి, ఏసీ వేసుకుని. కన్నీరు చాలామటుకు ఉల్లిపాయలది. ఇక మిగిలింది నమ్మకద్రోహం. అది మాత్రం అచ్చంగా నాదే. కాబట్టి ఇది కావ్యం కాదు. కువైట్‌లో ఒక ఇంటి వంటగదిలో ఎనిమిదేళ్లు నిలబడిన ఒకావిడ గురించి నాకు గుర్తున్నంత.

గుర్తు రావడానికి కారణం మొన్న నా షాపుకి వచ్చిన మనిషి. రామచంద్రపురం బస్టాండు ఎదుట నాకొక చిన్న గది ఉంది. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఫారాలు నింపుతాను, అరబీలో వచ్చిన కాగితాలు చదివిపెడతాను, సాయంత్రాలు నలభై రోజుల అరబీ క్లాసు చెబుతాను. 'అరబీ నేర్పబడును' అని రాయమంటే పెయింటరు బోర్డు మీద 'అరబీ పండితులు' అని రాసి, చెరపడానికి కుదరదన్నాడు. ఆ పండితుడి ముందు మొన్న ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. ముప్పై లోపు ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కొత్త పాస్‌పోర్టు.

"మా అమ్మ పోయి నెల దాటిందండి. నేను కూడా కువైట్ వెళ్తున్నాను. ఎప్పుడైనా వెళ్లాల్సొస్తే మీ దగ్గర నేర్చుకునే వెళ్లమనేది" అంది.

ఏ అమ్మ అని అడగబోయి, మొహం చూసి ఆగిపోయాను. ఆ గడ్డం నాకు తెలుసు. మాట మొదలుపెట్టే ముందు రెండు చేతులూ పొడిగా ఉన్నా సరే కొంగుకి తుడుచుకోవడం కూడా తెలుసు.

వాళ్లమ్మ పేరు ఇక్కడ రాయను. ఆవిడ పేరు పలికే అర్హత నాకుంటే ఇదివరకే వాళ్లూరు వెళ్లుండేవాణ్ని. నా షాపు నుంచి ఏడు కిలోమీటర్లు.

ఇరవై రెండేళ్ల వయసులో నేను ఆ ఇంటికి డ్రైవరుగా వెళ్లాను. పెట్టె దింపుకుని పెరట్లో నిలబడితే వంటగది తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. పొడుగాటి గౌను, తలకి గుడ్డ, చేతిలో కత్తి. నన్ను కిందినుంచి పైదాకా చూసి తెలుగులో, ఏ ఊరు బాబూ అంది. మండపేట దగ్గరండి అన్నాను. దగ్గరంటే ఎంత దగ్గర అంది. చెప్పాను. కాసేపు ఆకాశంలోకి చూసి, "మా తోటికోడలి మేనత్తని మీ ఊరే ఇచ్చారు. అయితే నేను నీకు పిన్నినవుతాను" అంది. ఆ వరస ఎలా కుదిరిందో నాకు ఈరోజుకీ అంతు పట్టలేదు. కానీ కత్తి ఆవిడ చేతిలో ఉంది. అలాగే పిన్నీ అన్నాను.

పిన్ని ఊరినుంచి వస్తూ పెట్టెలో ఒక ఇత్తడి సోల తెచ్చుకుంది. ఆ ఇంట్లో బియ్యం, పప్పు, పిండి అన్నీ దాంతోనే కొలిచేది. కొన్నాళ్లకి ఆ ఇంటి యజమానురాలు కూడా చుట్టాలొస్తున్నారంటే వేళ్లు చూపించి "సోల, సోల" అనడం నేర్చుకుంది. యజమానురాలిని పనివాళ్లం 'మామా' అనేవాళ్లం, యజమానిని 'బాబా' అనేవాళ్లం. అక్కడ అదే పద్ధతి. ఉప్పు చూడాలంటే పిన్ని కూర చుక్క ఎడమచేతి వెనక వేసుకుని నాకి, కళ్లు మూసుకుని, ఎవరో దూరంనుంచి చెబుతుంటే విన్నట్టు తల ఊపేది. మామా ఏం చెప్పినా "ఆయ్" అనేది. ఏళ్ల తరబడి విని విని మామా పిల్లలు కూడా తల్లి పిలిస్తే "ఆయ్" అని పలికేవారు. కువైట్‌లో గోదావరి జిల్లా జెండా ఎగిరిందంటే ఆ ఒక్క ఇంట్లోనే.

నాకు అరబీ నేర్పింది పిన్నే. ఆవిడ పద్ధతి ఒక్కటే. వస్తువు చేతిలో పెట్టకుండా మాట చెప్పేది కాదు. ఉల్లిపాయ ఇచ్చి, "పట్టుకో. బసల్. చెప్పు" అనేది. బసల్ అనేవాణ్ని. "ఇప్పుడు తరుగు" అనేది. అలా ఉప్పు, కత్తి, చీపురు, నీళ్ల బకెట్టు. నా పదజాలం పెరిగినకొద్దీ ఆవిడ పని తగ్గింది. రెండు నెలలయ్యాక గానీ ఈ చదువులో ఎవరికెంత లాభమో నాకు వెలగలేదు.

ఆవిడ అరబీలో ఒక చిత్రం ఉండేది. అన్నేళ్లలో ఆవిడతో అరబీలో ఎవరూ కబుర్లాడలేదు. తే, పెట్టు, తుడువు, రా, త్వరగా. చెవిన పడిందే నోటికొచ్చింది. అందుకని ఆవిడ అరబీలో నోరు తెరిస్తే వచ్చేవన్నీ ఆజ్ఞలే. మామా భోజనానికి ఆలస్యమైతే వెళ్లి "రా. కూర్చో. తిను" అనేది. అంత పెద్దింటి ఇల్లాలు కిమ్మనకుండా వచ్చి కూర్చునేది. ఆజ్ఞాపించడానికి బోలెడు మాటలున్న పిన్ని దగ్గర ఒకరిని ఒకటి అడగడానికి మాత్రం మాట లేదు. 'కావాలి' అనడం తెలుసు గానీ అది పిల్లల నోట విన్నది. వాళ్ల 'కావాలి' కూడా ఆర్డరే కదా.

ఆర్నెల్లకి నాకు జన్మంతా డ్రైవరుగానే ఉండిపోతానేమో అన్న బెంగ పట్టుకుంది. అక్కడ కంపెనీల తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ కాగితాలు తిప్పే ఉద్యోగి ఒకడుంటాడు. మందూబ్ అంటారు. చంకలో ఫైలు, జేబులో పెన్ను. నా కంటికి అది కలెక్టరు ఉద్యోగంలా కనిపించింది. దానికి అరబీ చదవడం, రాయడం రావాలి. మాకు దగ్గర్లోనే విదేశీయులకి వారానికి మూడు సాయంత్రాలు అరబీ చెప్పే బడి ఒకటుంది. కాకపోతే పాఠం గంటన్నర. సాయంత్రంపూట గంటన్నర కనిపించని డ్రైవరుని ఏ ఇల్లూ ఉంచుకోదు.

ఈ బాధ పిన్నికి చెప్పుకున్నాను. ఆవిడ పిండి కలుపుతూ కలుపుతూనే దారి చూపించింది.

ఆ ఇంట్లో సాయంత్రం భోజనానికి రొట్టెలు బేకరీనుంచి రావాలి. బేకరీ ముందు క్యూ ఉంటుంది. ఎంత క్యూ ఉంటుందో ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వెళ్లి చూడలేదు. పిన్ని నాచేత రొట్టెలు మధ్యాహ్నం మూడింటికే తెప్పించి, తువ్వాల్లో చుట్టి, పిండి డబ్బా అడుగున పెట్టేసేది. సాయంత్రం మామా డ్రైవరేడని అడిగితే "రొట్టెలు. క్యూ" అని రెండే ముక్కలు. క్లాసు అవగానే నేను పెరటి తలుపు దగ్గరికి వచ్చేవాణ్ని. పిన్ని రొట్టెలమీద నీళ్లు చిలకరించి, మంటమీద తిప్పి, మళ్లీ తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చి, "ఇప్పుడు ముందు గుమ్మంలోంచి వెళ్లు. కాస్త ఆయాసపడు" అనేది. ఆయాసపడేవాణ్ని. ఒకరోజు బాబా భోజనం చేస్తూ ఇంత మెత్తటి రొట్టె ఊరు మొత్తంలో దొరకదని, అంత క్యూ ఉండటంలో ఆశ్చర్యం లేదని అన్నాడు.

ఈ పని ఆవిడ ఎందుకు నెత్తినేసుకుందో ఒకసారి అడిగాను. "నాకు ఈ వయసులో అక్షరాలెక్కడొస్తాయి. ఇద్దరిలో ఒకడికొస్తే చాలదా. ఎప్పుడైనా ఇద్దరికీ పనికొస్తుంది" అంది.

బడిలో నేర్పేది పుస్తకాల అరబీ. ఇళ్లల్లో మాట్లాడేది వేరు. నేను నేర్చుకున్న మొదటి వాక్యాలు బాబా ముందు ప్రయోగించాను. మండపేట కాఫీ హోటల్లో కూర్చుని 'ఓయీ, తేనీటిని కొనిరమ్ము' అంటే ఎలా ఉంటుందో అలా ఉందన్నమాట. బాబా పొట్ట పట్టుకుని నవ్వి, నాకు 'వార్తలు చదివేవాడు' అని పేరు పెట్టాడు. ఇదంతా టీవీ చూసి నేర్చాననుకున్నాడు. స్నేహితులొస్తే నన్ను దివానియాలోకి పిలిచి రెండు వాక్యాలు చెప్పించుకునేవాడు. దివానియా అంటే మగవాళ్లు కూర్చునే ముందు గది. వంటావిడలు ఆ గడప దాటరు. అందరి పాస్‌పోర్టులూ, అందరి సెలవులూ ఉండేది ఆ గదిలోనే.

రెండో ఏడు పిన్నికి ఊరినుంచి ఉత్తరం వచ్చింది. కూతురికి ఏడో నెల. తండ్రి లేని పిల్ల. ఒక్కతే కూతురు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లంటే గోడలూ కప్పూ కాదు కదా, అమ్మ. ఆ అమ్మ ఇక్కడ వాళ్లకి కోడిని ముక్కలు కొడుతోంది. రంజాన్ నెల ఇంకో అయిదు వారాల్లో మొదలవుతుంది. కాన్పు సరిగ్గా ఆ నెల మధ్యలో పడుతుంది. రంజాన్‌లో ఏ ఇంటివాళ్లూ వంటావిడకి సెలవివ్వరు. వెళ్తే ముందే వెళ్లాలి. లేదంటే పండుగ అయ్యేదాకా కదలడానికి లేదు.

ఆ సాయంత్రం పిన్ని చేతులు గౌనుకి తుడుచుకుంది. అవి పొడిగానే ఉన్నాయి.

"నువ్వు బాబాని అడగాలి. నేనా గదిలోకి వెళ్లకూడదు. మామాకి చెబితే నేనేదో ఆర్డరేస్తున్నాననుకుని నవ్వి ఊరుకుంటుంది. ఇప్పుడే వెళ్లాలని చెప్పు బాబూ. తరవాత కాదు, ఇప్పుడు. పిల్లకి నేను తప్ప ఎవరూ లేరని చెప్పు."

సరే పిన్నీ అన్నాను.

వంటగదినుంచి దివానియాకి ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగుల్లో నేను ఆలోచించినంత వేగంగా జన్మలో ఎప్పుడూ ఆలోచించలేదు. నా పరీక్ష మూడు వారాల్లో ఉంది. పిన్ని వెళ్లిపోతే వంటగది బట్టలుతికే శ్రీలంక ఆవిడ చేతికొస్తుంది. ఆవిడకీ నాకూ మాటల్లేవు. రొట్టెలు దాచే మనిషి ఉండదు. క్యూ ఉండదు. పరీక్ష ఉండదు. మందూబ్ ఉండడు.

బాబా ఇద్దరు స్నేహితులతో కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. నన్ను చూసి, రా, ఏంటి ఇవాళ వార్తలు అన్నాడు. నేను చేతులు కట్టుకుని, ఒక్క పొల్లు కూడా జారకుండా, చక్కటి పుస్తకాల అరబీలో చెప్పాను. వంటావిడ సెలవు కోరుతోంది. పండుగ తరవాత, వీలుంటే.

బాబా జపమాల ఆపాడు. నవ్వు కూడా ఆపాడు. "ఇంటిదగ్గర తొందరేమైనా ఉందా?" అన్నాడు.

అరబీలో 'లేదు' అనడానికి ఒకటే అక్షరం. లా. మొదటి పాఠంలోనే వస్తుంది. నేను ఏ దోషమూ లేకుండా పలికిన అరబీ మాట నా మొత్తం చదువులో అదొక్కటే. బాబా స్నేహితుడొకాయన నా ఉచ్చారణ మెచ్చుకున్నాడు. బాబా సరే అన్నాడు. మంచి మనిషి, పండుగ కాగానే తప్పకుండా పంపుతామన్నాడు. తొందర ఉందంటే ఏమనేవాడో తెలీదు. తెలీదని రాసుకోవడం నాకు కాస్త సుఖంగా ఉంటుంది. కానీ జపమాల ఆపాడు, నేను చూశాను.

వంటగదికి వెళ్లి, పండుగ తరవాతేనట పిన్నీ అని చెప్పాను.

ఆవిడ పొయ్యిమీద గిన్నె కాసేపు కలిపింది. తరవాత, "గట్టిగా అడిగావా?" అంది.

"అడిగాను."

"పోన్లే. నువ్వు మాత్రం ఏం చేస్తావు. అరబీలో అడిగావు, అంతే చాలు."

ఆ రోజు నాకు క్లాసు ఉంది. ఎప్పటిలాగే రొట్టెలు పిండి డబ్బా అడుగున ఉన్నాయి. ఎప్పటిలాగే తిరిగొచ్చాక వేడి చేసి ఇచ్చింది. కాస్త ఆయాసపడు అని మాత్రం గుర్తు చేయలేదు. అవసరం కూడా లేకపోయింది.

పరీక్ష పాసయ్యాను.

కూతురు ప్రసవించిన కబురు రంజాన్‌లో వచ్చింది, క్యాసెట్టు రూపంలో. అప్పట్లో ఫోను చేయడం అందరి వల్లా అయ్యేది కాదు. ఇంట్లోవాళ్లు టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, కువైట్ వెళ్లే వాళ్లెవరికైనా ఇచ్చి పంపేవారు. మా వంటగదిలో టేప్‌రికార్డరు లేదు. ఉన్నది నా కారులోనే. మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఉపవాసంతో పడుకున్నాక, పెరట్లో ఆగి ఉన్న కారులో పిన్ని వెనక సీట్లో కూర్చుంది. ఆడవాళ్లు వెనకే కూర్చోవాలి కదా. నేను ముందు, స్టీరింగు వెనక. ఎక్కడికీ వెళ్లేది లేదు.

క్యాసెట్టులో కూతురు, బాగున్నావా అమ్మా, నేను బాగున్నాను అని ఉత్తరంలాగే మొదలుపెట్టింది. ఆడపిల్ల పుట్టిందంది. రెండు రోజులు నొప్పులు పడ్డానని, ఇక్కడ కాదంటే కాకినాడ తీసుకెళ్లారని చెప్పింది. ఎవరడుగు వినిపించినా నువ్వేననుకుని గుమ్మంకేసి చూశానంది. పిల్లకి నీళ్లు పక్కింటి అత్త పోసిందట. ఆ తరవాత గొంతు మారింది. "నీకు సెలవివ్వలేదంట కదా. వాళ్లకి పిల్లల్లేరా అమ్మా?"

నేను అద్దంలో చూడలేదు. డ్రైవరుకి వెనక్కి చూడటానికి అద్దమొకటి ఇస్తారు. ఆ రోజు దాన్ని పైకి తిప్పేశాను.

చివర్లో పసిపిల్ల ఏడుపు ఉంది. పిన్ని మళ్లీ పెట్టమంది. పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను. అయ్యాక ఆవిడ, "బాబాని ఏమీ అనుకోకు. మగాడు, ఆయనకేం తెలుస్తుంది" అని నాకే సర్దిచెప్పి, సమోసాలకి పిండి నానిపోతోందని లోపలికెళ్లిపోయింది.

పండుగ అయిన నాలుగో రోజున ఆవిణ్ని ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్లాను. పెట్టెకి తాడు బిగించి కట్టాం. సోల శ్రీలంక ఆవిడకి ఇచ్చేసింది. ఇకమీదట ఆ ఇంట్లో ఒక సింహళ మనిషి గోదావరి కొలతల్లో బియ్యం పోస్తుందని నేనేదో జోకు వేశాను. పిన్ని నవ్వింది. నా జోకులకి నవ్వే మనిషి ఆ దేశం మొత్తంలో ఆవిడొక్కతే.

"నీ రొట్టెల సంగతి ఆవిడకి చెప్పాను" అంది. "ఎలా దాచాలో, ఎలా వేడి చేయాలో అన్నీ. ఇప్పుడు కాదులే. ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే చెప్పేశాను. నేను గబుక్కున వెళ్లాల్సొస్తే నీ చదువు ఆగిపోకూడదని."

పొద్దున్నే. అంటే నేను దివానియాకి నడిచింది ఆ సాయంత్రం. ఆ ఇరవై అడుగులూ నేను ఆలోచించినదంతా అప్పటికే ఆవిడ ఆలోచించి, పరిష్కరించి, తువ్వాల్లో చుట్టి పెట్టేసింది. నా ద్రోహానికి కనీసం అవసరం కూడా లేదు.

అప్పుడైనా చెప్పుండొచ్చు. వెళ్లొస్తాను బాబూ అంటే, వెళ్లిరా పిన్నీ అన్నాను. కారు ఆపిన చోట పదిహేను నిమిషాలే ఆపనిస్తారు.

పిన్ని మళ్లీ కువైట్ రాలేదు. నేను మందూబ్‌ని కాలేదు. నా సర్టిఫికెట్ చూసిన కంపెనీ మేనేజరు చాలా బాగుంది అని, లైసెన్స్ ఉందా, మాకు డ్రైవరు కావాలి అన్నాడు. ఇంకో నాలుగేళ్లు నడిపి, రామచంద్రపురం వచ్చి ఈ గది తెరిచాను. ఏడు కిలోమీటర్లు వెళ్లకపోవడానికి ఒక ఏడాది వానలు కారణం, ఒక ఏడాది రోడ్డు పని, ఒక ఏడాది బండి టైరు. టైరు మార్చాక కారణం దొరక్క కొంచెం ఇబ్బంది పడ్డాను.

మొన్న కూతురు నా ఎదురుగా కూర్చుని, పిన్ని నా గురించి ఏం చెప్పేదో చెప్పింది. అబ్బాయి అరబీలో అడిగితే బాబా అంతటివాడు జపమాల ఆపేశాడట. పిన్నికి ఆ సంగతి నేనే చెప్పినట్టున్నాను. అబద్ధం నమ్మాలంటే అందులో ఒక నిజం వేయాలి కదా, ఆ ఒక్క నిజమూ వేశాను. నేను అడక్కపోతే పండుగ తరవాత కూడా పంపేవాళ్లు కాదని పిన్ని నమ్మకమట. ఇంట్లో నా పేరు మీద ఒక గౌరవం ఉందట. అప్పుడు పుట్టిన పిల్లకి ఎనిమిదేళ్లొచ్చాయి, దానికీ తెలుసట.

"నాకు ఆ మాట ఒక్కటి ముందు నేర్పండి" అంది. "మీరు మా అమ్మ కోసం అడిగారు చూడండి, ఇప్పుడే ఇంటికెళ్లాలి అని. పాపని అత్తయ్యగారి దగ్గర వదిలి వెళ్తున్నాను. దానికేదన్నా అయితే అడగాలి కదండీ. నాకు అక్కడ మీలాంటోళ్లు ఎవరుంటారు."

ఆ మాట నేను బతుకులో ఎప్పుడూ పైకి అనలేదు. అయినా బాగానే వచ్చు. పుస్తకాల అరబీ కాదు, ఇళ్లల్లో మాట్లాడేది చెప్పాను. లాజిమ్ అరూహ్ అల్‌హీన్. వెళ్లి తీరాలి, ఇప్పుడే. ఆ అమ్మాయి చేతులు కొంగుకి తుడుచుకుని మొదలుపెట్టింది. మొదట్లో బతిమాలినట్టు వచ్చింది. పది, పన్నెండుసార్లు అనిపించాను. చివరిసారి గడ్డం పైకెత్తి, భోజనానికి రమ్మని పిన్ని మామాకి ఆర్డరేసినట్టే అంది. అలాగే అనండి, తగ్గించకండి అన్నాను. మీకోసం ఇంకొకళ్లని అడగమని ఎవరికీ చెప్పకండి, ఏ గదిలో ఉన్నా మీరే వెళ్లి అనండి అని కూడా చెప్పాను. ఎందుకన్నట్టు చూసింది.

"ఆ రోజు నేను బాబాతో..." అన్నాను.

"చెప్పండి."

టేబులుమీద పాస్‌పోర్టు, దానికి పిన్ను గుచ్చిన ఫోటోలు ఉన్నాయి. వాటికేసి చూశాను.

"ఫోటోలు నీలం రంగు తెరముందు తీయించారు. అవి పనికిరావు. వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి, నాలుగు కాపీలు. ఎదురుగా స్టూడియో ఉంది, అరగంటలో ఇస్తాడు, ఒంటిగంటకి భోజనానికి మూసేస్తాడు."